ఆనకట్ట చరిత్రలో తట్టకు చోటేది?

గోదావరి ఆనకట్ట కట్టింది ఎవరని కోనసీమలో ఏ బడిపిల్లాడిని అడిగినా కాటన్ దొర అని టక్కున చెబుతాడు. ఆ జవాబు తప్పని మేము అనబోవడం లేదు. ధవళేశ్వరం దగ్గర పనికి అంచనా వేసినవాడు, కంపెనీ ప్రభుత్వంతో వాదించి డబ్బు తెచ్చినవాడు, 1847 నుంచి 1852 దాకా ఆ పని నడిపినవాడు ఆర్థర్ కాటనే. మా ప్రశ్న వేరు. కట్టడం అనే క్రియకు కర్త ఒక్కడేనా?

ధవళేశ్వరంలో కాటన్ పేర మ్యూజియం ఉంది. సుమారు వంద చిత్రాలు, ఆనాటి పనిలో వాడిన 15 యంత్ర పరికరాలు అక్కడ ఉన్నాయని లెక్క. మంచిదే, దాచాల్సినవే. ఇంజనీరింగు కాలేజీల గ్రంథాలయాల్లో పాత రిపోర్టులు, ప్లాన్లు బీరువాల్లో పెట్టి పిల్లలకు చూపిస్తారు, అదీ మంచిదే. కానీ ఈ రకం ప్రదర్శనలకు లోకమంతటా ఒక అలవాటు ఉంది. యంత్రాన్ని దాస్తాయి, తట్టను దాచవు. యంత్రం ఇనుము కాబట్టి మిగులుతుంది. తట్ట వెదురు కాబట్టి చివికిపోతుంది. తట్టతోపాటు దాన్ని నెత్తిన పెట్టుకున్న మనిషీ చరిత్రలోంచి పోతున్నాడు, పోతున్నది అని కూడా అనాలి.

కాటన్ పని మొదలుపెట్టినప్పుడు 10 వేలమంది కూలీలు, 500 మంది వడ్రంగులు, 500 మంది కమ్మర్లు ఉన్నారని ఆయన చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఈ లెక్కను కాస్త ఆగి చదవాలి. వడ్రంగికి వృత్తి పేరు దక్కింది, కమ్మరికి దక్కింది. పదివేలమందికి దక్కింది ‘కూలీ’ అన్న ఒక్క మాట. ఆ మాట కులాన్ని కప్పేస్తుంది. డెల్టాలో మట్టి తవ్వేది, రాయి మోసేది ఎవరో మాల మాదిగ పేటల్లో పుట్టినవాళ్ళకు, వడ్డెర వాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైవాళ్ళ పేర్లు మాత్రం దొరుకుతాయి. కాటన్ కింద పనిచేసిన వీనం వీరన్నకు రాయ్ బహద్దూర్ బిరుదు వచ్చింది, ఆయన పేరు నిలిచింది. ఆయన కష్టపడలేదని కాదు. రాసేవాళ్ళకు ఎవరి పేరు తెలుస్తుందన్నదే ఇక్కడ విషయం.

ఇంకో మాట. అడుగు దొరకని ఇసుకలో పునాది ఎలా నిలబెట్టాలో ఈ దేశపు పాత పనివాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. కావేరి మీది కల్లణ చూసి నేర్చిన విద్య అది. మన పుస్తకాల్లో ఆ విద్య చోళరాజు ఖాతాలో పడుతుంది. రాజు ఏనాడైనా ఇసుకలో దిగి రాయి సర్దాడా?

ఇక కోనసీమ లోపలికి వద్దాం. నగరం లంకకు, అంటే ఇప్పటి రాజోలు వైపుకు, నీళ్ళు వెళ్ళాలంటే మధ్యలో వైనతేయ పాయ అడ్డం. 1851-52లో లెఫ్టినెంట్ హేగ్ అనే ఇంజనీరు గన్నవరం దగ్గర ఆ పాయ మీదుగానే కాలువను దాటించాడు. ఒక్కొక్కటి 40 అడుగుల కమానులు, మొత్తం 49. కింద నది, పైన కాలువ! చూడ్డానికి ఇప్పటికీ ముచ్చటే. అయితే ఏటిలో వరద లేని నెలల్లోనే ఇలాంటి పని తెమలాలి. తొందర ఇంజనీరుది, ఆ తొందర దిగేది మోసేవాళ్ళ మెడ మీద.

కాలువలు వచ్చాక గట్లు కాపాడే పని వచ్చింది. 1858లో మద్రాసు ప్రభుత్వం నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. ఏటిగట్టో చెరువుగట్టో తెగే ప్రమాదం వస్తే దగ్గర్లోని కూలి వర్గాల మగవాళ్ళను పనికి పిలిచే అధికారం దానితో వచ్చింది. రానంటే శిక్ష. కూలి ఇవ్వాలని కూడా అందులో రాసి ఉంది సుమా, దాన్ని దాచడం లేదు. కానీ ‘కూలి వర్గాలు’ అన్న మాట చూడండి. గట్టు తెగితే మునిగేది ఆసామి చేను, కట్టడానికి పిలుపు వచ్చేది భూమిలేనివాడికి. ఊళ్ళో వెట్టి ఎలాగూ ఉంది, ఈ చట్టం దానికి సర్కారు ముద్ర వేసింది.

ఆనకట్టకు ముందు రాజమండ్రి జిల్లా జనం 1821లో సుమారు 7 లక్షల 38 వేలు, 1841 నాటికి 5 లక్షల 61 వేలు. మధ్యలో నందన కరువు, 1839 తుఫాను. నీళ్ళు వచ్చాక కరువు పోయింది, కాదనం. మరి భూమి ఎవరికొచ్చింది? పచ్చటి ఈ డెల్టా నుంచే మనవాళ్ళు ఓడలెక్కి రంగం ఎందుకు పోయారు? ఇవాళ కోనసీమ ఆడవాళ్ళు కువైట్ ఎందుకు పోతున్నారు? మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న తన నాటకానికి ‘పాలేరు’ అని పేరు పెట్టాల్సి వచ్చింది కూడా ఈ నీళ్ళు పారే నేల మీదే.

పేర్ల సంగతి ఎత్తాం కాబట్టి 2022 గురించి చెప్పక తప్పదు. కాటన్ పేరు సంకల్పంలో కూడా చెప్పుకునేవారని కోనసీమలో గొప్పగా చెప్పుకుంటారు. ఊరూరా ఆ దొరకు విగ్రహాలున్నాయి. అదే సీమలో, కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామనేసరికి 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. తరవాత ఆ పేరు ఖాయమైంది. అంబేద్కర్‌కీ ఈ కాలువల సీమకీ ఏం సంబంధమని అప్పట్లో అడిగినవాళ్ళున్నారు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ ఆయనదే, నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు ఆ శాఖ కిందివే. దామోదర్ లోయ, మహానది పథకాలకు దారి వేసింది, 1945లో కేంద్ర జలమార్గాల, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఏర్పడింది ఆయన హయాంలోనే. అంతకు ముందు 1927లో మహద్ చెరువులో దోసెడు నీళ్ళు తాగడానికి పోరాడిందీ ఆయనే. నీటి ఇంజనీరింగు చరిత్ర రాసే పుస్తకంలో ఈ రెండూ పక్కపక్కన ఉండాలి.

ఇప్పుడు గన్నవరంలో కొత్త అక్విడక్టు ఉంది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. యానాం, ఎదుర్లంక మధ్య గోదావరి మీది వారధికి జి.ఎం.సి. బాలయోగి పేరుంది. మన కులాల మనిషి పేరు ఒక పెద్ద కట్టడం మీదికి రావడానికి అతను లోక్‌సభ స్పీకరయ్యేదాకా ఆగాల్సొచ్చింది.

ఈ వ్యాసం చదివే విద్యార్థులకు, టీచర్లకు ఒక పని చెబుతున్నాం. మీ పేటలో ముసలివాళ్ళు ఉండగానే కూర్చుని అడగండి. ఏటిగట్టు పనికి ఎవరు పిలిచేవారు, తట్టకెంత, రోజుకెంత, ఆడవాళ్ళకెంత, పసిపిల్లను ఎక్కడ పడుకోబెట్టేవారు, గట్టు మీద దాహమేస్తే ఎవరి కుండలో నీళ్ళు తాగనిచ్చేవారు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే రాయండి. ఇంట్లో పాత తట్టో, గునపమో, పారో ఉంటే పారెయ్యకండి.