ఒక్క అక్షరం తేడాతో రెండు పాలు

హైదరాబాదులో ఈమధ్య "ఏ2 పాలు" అని సీసా మీద రాస్తే చాలు, మామూలు పాలకన్నా ధర బాగా ఎక్కువ. మనవాళ్ళు మారుమాట్లాడకుండా కొంటున్నారు కూడా. అసలీ ఏ2 గొడవ ఎక్కడ మొదలైందో చూద్దాం.

1955లో ఇంగ్లండులో ఆషాఫెన్‌బర్గ్, డ్రూరీ అనే ఇద్దరు, పాలలోని ఒక ప్రొటీన్ అన్ని ఆవుల్లోనూ ఒకేలా ఉండదని కనిపెట్టారు. 1961లో ఆషాఫెన్‌బర్గే బీటా కేసీన్‌లోనూ ఇలాంటి రకాలున్నాయని చూపించాడు. వాటిలో "ఏ" అనుకున్నది మళ్ళీ ఏ1, ఏ2, ఏ3 అని 1966లో తేలింది.

తేడా ఎంతంటారా? బీటా కేసీన్ 209 అమైనో ఆమ్లాల గొలుసు. 67వ స్థానంలో ఏ2లో ప్రోలీన్, ఏ1లో హిస్టిడీన్. జన్యువులో చూస్తే సీసీటీ బదులు సీఏటీ. అంటే మన భాషలో చెప్పాలంటే, ఒక్క కేరక్టర్ మారిన కోడ్ అన్నమాట. ఆ మార్పు వల్ల ఏ1 అరిగేటప్పుడు బీసీఎం-7 అనే ఏడు అమైనో ఆమ్లాల ముక్క తేలిగ్గా ఊడి వస్తుంది.

1990లలో న్యూజిలాండ్ డాక్టర్ రాబర్ట్ ఇలియట్‌కి ఒక సందేహం వచ్చింది. సమోవాలో ఉన్న పిల్లలకంటే, న్యూజిలాండ్‌లో పెరిగే సమోవా పిల్లల్లో టైప్ 1 మధుమేహం ఎందుకెక్కువ? ఆయన చూపు పాల మీద పడింది. ఏ1 ఎక్కువ తాగే దేశాల్లో ఈ జబ్బూ ఎక్కువని 1999లో లెక్కలు చూపించారు. 2000లో కోరన్ మెక్‌లాక్లన్, హోవర్డ్ పాటర్సన్ ఏకంగా కంపెనీయే పెట్టేశారు. ఇద్దరూ 2003లోనే పోయారు, కంపెనీ మాత్రం బతికింది.

కానీ రెండు లెక్కలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు కదా! ఇది మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2009లో అన్నీ పరిశీలించి, బీసీఎం-7కీ ఈ జబ్బులకీ కార్యకారణ సంబంధం తేలలేదంది. ఏ2 పాలతో కడుపుబ్బరం తగ్గిందన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి, వాటిలో కొన్నిటికి డబ్బిచ్చింది ఆ కంపెనీయే. లాక్టోజ్ పడనివాళ్ళకి ఏ2 కూడా పడదు, ఎందుకంటే లాక్టోజ్ అందులోనూ ఉంటుంది.

ఇక మన దగ్గరికొద్దాం. ఒంగోలుతో సహా మన దేశవాళీ ఆవుల్లో దాదాపు అన్నీ ఏ2నే. గేదెలూ అంతే! అంటే తరతరాలుగా మనిళ్ళలో తోడుపెట్టిన గేదె పాలు కూడా ఏ2నే, కాకపోతే సీసా మీద రాయలేదు. ఇంకో తమాషా: న్యూజిలాండ్‌లో ఆ పాలిచ్చేవి విదేశీ ఆవులే. వెంట్రుక పరీక్షించి, ఏ2 జన్యువున్నవాటినే మందలో ఉంచుతారు. కాబట్టి ఏ2 అంటే దేశవాళీ అనీ, విదేశీ అంటే ఏ1 అనీ అనుకోవడం తప్పు. పరీక్ష చెయ్యాల్సింది ఆవుని, జాతిని కాదు.

2024 ఆగస్టు 21న మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఈ ఏ1, ఏ2 రాతలు తీసెయ్యమంది. 26న ఆ ఉత్తర్వే వెనక్కి తీసుకుంది. ఇప్పుడు తేల్చుకోవాల్సింది కొనేవాళ్ళే.

దేశవాళీ ఆవుల్ని కాపాడాలంటే కాపాడదాం, అందుకు వేరే మంచి కారణాలు బోలెడున్నాయి. రుజువు కాని ఆరోగ్యం పేరు చెప్పి, పిల్లల మీద మనకుండే భయాన్ని లీటర్ల లెక్కన అమ్మక్కర్లేదు. ఆ డబ్బుతో ఇంకో లీటరు మామూలు పాలు కొనుక్కుంటే పిల్లలకి అంతకంటే మేలు.