కాకిపిల్లకి మార్కులు ఎవరు వెయ్యాలి?

సెర్చి ఇంజన్ల చరిత్ర అనగానే మనవాళ్ళు 1998 నుంచి మొదలెడతారు. స్టాన్‌ఫర్డు, ఇద్దరు కుర్రాళ్ళు, పేజ్‌ర్యాంకు, గరాజు... ఈ కథ అందరికీ కంఠతా వచ్చు. దానికి నలభై ఏళ్ళ ముందే ఈ రంగానికి పునాది పడిందనీ, పునాది వేసినవాళ్ళలో ఒకాయన అసలు ప్రోగ్రామరే కాదు, ఓ విమానాల కాలేజీలో లైబ్రేరియను అనీ చెబితే చాలామంది నమ్మరు. ఈ వ్యాసం ఆయన గురించీ, ఆయన నేర్పిన ఓ పాఠం గురించీ. పాఠం పాతదే గానీ, అవసరం మాత్రం ఇవాళ్టిది.

రెండో ప్రపంచయుద్ధం అయ్యేసరికి సైంటిఫిక్ రిపోర్టులు కుప్పలు తెప్పలుగా పేరుకుపోయాయి. కావలసిన కాగితం ఎక్కడో ఉంటుంది, దొరకదు. 1945 జులైలో వానెవర్ బుష్ అట్లాంటిక్ పత్రికలో ఈ బాధ గురించే పెద్ద వ్యాసం రాశాడు. 1950లో కాల్విన్ మూయర్స్ ఈ పనికి 'ఇన్ఫర్మేషన్ రిట్రీవల్' అని పేరు పెట్టాడు. పేరైతే వచ్చింది గానీ, పని ఎలా చెయ్యాలన్న దగ్గర ఎవరి గోల వాళ్ళది.

ఒక వర్గం లైబ్రరీ పండితులది. జ్ఞానాన్నంతా చెట్టులా కొమ్మలూ రెమ్మలుగా విడగొట్టి, ప్రతి పుస్తకానికీ ఓ నంబరు ఇవ్వాలంటారు. ఇందులో మనవాడు కూడా ఉన్నాడండోయ్. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌గా చేసిన ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణ తెచ్చాడు. ఒక విషయాన్ని ఒకే కొమ్మకి కట్టెయ్యకుండా, దాని వేర్వేరు ముఖాలుగా విడదీసి చూడమన్నాడు. ఈ-కామర్స్ సైట్లలో ఎడమపక్కన బ్రాండు, ధర, సైజు అని ఫిల్టర్లు పెడతాం చూడండి, ఆ ఆలోచనకి తాత ఈయనే.

రెండో వర్గం అమెరికాలో మోర్టిమర్ టాబేది. ఈ చెట్లూ పుట్లూ వద్దు, పత్రంలో ఉన్న ముఖ్యమైన మాటల్ని విడివిడిగా రాసుకుంటే చాలు అన్నాడు. దాని పేరు యూనిటర్మ్. పండితులకి ఒళ్ళు మండింది.

సరే, ఏది గొప్పో తేల్చుకుందామని 1953లో అమెరికాలో పోటీ పెట్టారు. టాబే కంపెనీ ఒకవైపు, అమెరికా సైన్యపు సాంకేతిక సమాచార సంస్థ మరోవైపు. 15,000 పత్రాలు, 98 ప్రశ్నలు. ఏ జట్టు తన పద్ధతిలో వెతికి, తన జవాబులు తెచ్చింది. తీరా చూస్తే, ఏది సరైన జవాబో అన్న దగ్గరే పేచీ! రెండు జట్లూ ఒప్పుకున్న పత్రాలు 1,390. ఒక జట్టు అవునని రెండో జట్టు కాదన్నవి 1,577. అంటే ఒప్పుకున్నవాటి కన్నా తగువులే ఎక్కువ. ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు కదా, మరి కాకినే మార్కులు వెయ్యమంటే ఇంకేం వేస్తుంది?

ఇదంతా ఇంగ్లండునుంచి చూస్తున్న మనిషి సిరిల్ క్లెవర్డన్. క్రాన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో 1946లో పెట్టిన ఏరోనాటిక్స్ కాలేజీకి మొదటినుంచీ ఈయనే లైబ్రేరియను. ఈయనకొచ్చిన ఆలోచన మనకి ఇప్పుడు మామూలుగానే అనిపిస్తుంది: పద్ధతులు కనిపెట్టినవాళ్ళ చేత కాదు, బయటివాడి చేత పరీక్ష పెట్టించాలి. పత్రాలూ, ప్రశ్నలూ, సరైన జవాబులూ ముందే నిర్ణయించి పెట్టాలి. ఆ తర్వాతే పద్ధతులు బరిలోకి దిగాలి. మన భాషలో చెప్పాలంటే, టెస్టు డేటా ముందు, డెమో తర్వాత.

అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బులిచ్చింది. మొదటి ప్రయోగంలో 18,000 పత్రాలని నాలుగు పద్ధతుల్లో ఇండెక్సు చేశారు. వాటిలో రంగనాథన్ ఆలోచననుంచి పుట్టిన ముఖాల పద్ధతి ఒకటి, టాబే యూనిటర్మ్ ఒకటి. 1,200 ప్రశ్నలు. ఇదంతా కంప్యూటరు మీద అనుకునేరు, కార్డులూ కాగితాలూ పెట్టుకుని చేతులతో చేసిన పని!

1962లో వచ్చిన ఫలితం చూసి అందరూ నీరుగారిపోయారు. నాలుగు పద్ధతులూ 74 నుంచి 82 శాతం మధ్యలోనే ఉన్నాయి. ముఖాల పద్ధతి చివర, యూనిటర్మ్ ముందు, కానీ తేడా అంతంతమాత్రం. దొరకనివి ఎందుకు దొరకలేదని కారణాలు తవ్వితే, చాలావరకు ఇండెక్సు చేసేటప్పుడు మనుషులు చేసిన పొరపాట్లే. పద్ధతిలో లోపం వల్ల తప్పినవి బహు తక్కువ. దశాబ్దాల తరబడి కొట్టుకున్న విషయం అసలు అంత ముఖ్యమైనదే కాదన్నమాట.

దీని మీద విమర్శలు గట్టిగానే వచ్చాయి. అందులో ఒకటి చాలా పదునైనది. ప్రశ్నలు ఎలా తయారుచేశారంటే, ఒక పత్రాన్ని ఎవరికో ఇచ్చి, దీనికి సరిపోయే ప్రశ్న రాయమన్నారు. తర్వాత ఆ ప్రశ్నకి అదే పత్రం దొరుకుతుందా లేదా అని చూశారు. ఇది కోడు చూసుకుంటూ టెస్టు కేసు రాసినట్టే కదా! నిజంగా వెతికేవాడి దగ్గర పత్రం ఉండదు. అది ఎలా ఉంటుందో కూడా తెలీదు. అందుకే వాడు వెతుకుతాడు.

క్లెవర్డన్ గొప్పతనం ఇక్కడ కనిపిస్తుంది. విమర్శని తోసిపారెయ్యకుండా ఇంకో ప్రయోగం కట్టాడు. ఈసారి అప్పుడే పేపర్లు రాసిన పరిశోధకులకి ఉత్తరాలు రాసి, "మీరు ఈ పని మొదలుపెట్టినప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న ఏమిటి?" అని అడిగాడు. అంటే నిజమైన అవసరంలోంచి పుట్టిన ప్రశ్నలు. 1,400 పత్రాలు, 200 పైచిలుకు ప్రశ్నలు. విద్యార్థులు కూర్చుని పత్రాలన్నీ ఒక్కో ప్రశ్నకీ జల్లించారు, పనికొచ్చేలా కనిపించినవాటిని మళ్ళీ ప్రశ్న అడిగినవాళ్ళకే పంపి తీర్పు చెప్పించారు.

కొలతలు రెండు. పల్లెటూళ్ళో ధాన్యం జల్లించడం చూసినవాళ్ళకి ఇవి వేరే చెప్పక్కర్లేదు. జల్లెడలోంచి కిందపడ్డవాటిలో గింజలెన్ని, రాళ్ళెన్ని? ఇది ప్రెసిషన్. మొత్తం గింజల్లో ఎన్ని కిందకొచ్చాయి, ఎన్ని పైనే ఉండిపోయాయి? ఇది రీకాల్. కంతలు పెద్దవి చేస్తే గింజలన్నీ వస్తాయి, వాటితోపాటు రాళ్ళూ వస్తాయి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుందని అంకెలతో చూపించింది క్రాన్‌ఫీల్డే.

ఈసారి 33 రకాల ఇండెక్సు పద్ధతులు పరీక్షించారు. పైన నిలిచినవి ఏవంటే... పత్రంలో ఉన్న మాటల్నే విడివిడిగా తీసుకుని, మహా అయితే పదాల చివరి తోకలు కత్తిరించినవి. పండితులు కట్టిన పెద్ద పెద్ద పదజాలాలన్నీ వాటి వెనకే. 1966లో ఈ ఫలితం వచ్చినప్పుడు క్లెవర్డనే ఆశ్చర్యపోయాడు. ఆయనా లైబ్రేరియనే కదా మరి!

మాటలు చాలు అని తేలిపోతే, ఆ పని మిషనుకి అప్పజెప్పొచ్చు. అప్పటికే ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1957లోనే పత్రంలో మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి దాని విషయం పసిగట్టొచ్చని రాశాడు. (క్రెడిట్ కార్డు నంబరు చెక్ చెయ్యడానికి మనం రాసే లూన్ అల్గారిథం ఈయనదే.) హార్వర్డులో, తర్వాత 1965నుంచి కార్నెల్‌లో, జెరార్డ్ సాల్టన్ 'స్మార్ట్' అనే సిస్టం కట్టాడు. హార్వర్డులో దానికి కోడు రాసిన మైకేల్ లెస్క్ తర్వాత బెల్ ల్యాబ్స్‌కెళ్ళి, యూనిక్సు వాళ్ళందరికీ తెలిసిన 'లెక్స్' రాశాడు. సాల్టన్ బృందం తమ పద్ధతుల్ని పరీక్షించడానికి వాడినవాటిలో క్రాన్‌ఫీల్డ్ పత్రాలు కూడా ఉన్నాయి.

ఇక కేంబ్రిడ్జిలో కారెన్ స్పార్క్ జోన్స్. 1972లో ఈవిడ ఒక చిన్న సంగతి చెప్పింది: ప్రతి పత్రంలోనూ కనబడే మాటకి విలువ తక్కువ, అరుదుగా కనబడే మాటకి విలువ ఎక్కువ. 10,00,000 పత్రాల్లో 'ప్రభుత్వం' అన్న మాట 1,00,000 వాటిలో ఉందనుకోండి, పది మూలంగా లాగరిథం తీస్తే దాని బరువు 1. 'చేనేత' 100 పత్రాల్లోనే ఉంటే బరువు 4. అంతే, ఐడీఎఫ్ అంటే ఇదే. ఆవిడ దీన్ని నిరూపించిన మూడు పత్రాల సేకరణల్లో ఒకటి మళ్ళీ క్రాన్‌ఫీల్డే. ఇంత పని చేసిన మనిషి చాలా ఏళ్ళు తాత్కాలిక గ్రాంటుల మీదే బతికింది. ప్రొఫెసరు అయ్యేసరికి 1999 వచ్చింది.

ఆ దారిలోనే లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం 1994లో బీఎం25 తెచ్చింది. 2016నుంచి లూసీన్‌లో డిఫాల్టు అదే. మీ ప్రాజెక్టులో ఎలాస్టిక్‌సెర్చి ఉంటే, తెలిసో తెలీకో ఈ వంశవృక్షం కిందే కూర్చున్నారు :)

ఇప్పుడు అసలు విషయానికొస్తా. ఈమధ్య ప్రతి టీమూ కంపెనీ డాక్యుమెంట్లని వెక్టర్ డేటాబేసులో పోసి, పైన ఓ చాట్‌బాట్ తగిలిస్తోంది. మంచిదే. కానీ అది బాగా వెతుకుతోందని ఎలా తెలిసింది అని అడగండి. "డెమోలో బానే వచ్చింది సార్" అంటారు. ఇది 1953 పోటీ. ఇంకాస్త జాగ్రత్తపరులైతే, డాక్యుమెంటు ముక్కల్ని మోడలుకిచ్చి ప్రశ్నలు రాయించి, ఆ ప్రశ్నలకి అవే ముక్కలు దొరుకుతున్నాయని 90 శాతం మార్కులు చూపిస్తారు. ఇది సరిగ్గా మొదటి క్రాన్‌ఫీల్డ్ ప్రయోగంలోని లోపమే. అరవై ఏళ్ళ కింద పట్టుకున్న బగ్గుని మనం కొత్త ఫ్రేమ్‌వర్కులో మళ్ళీ రాస్తున్నాం. పైగా తీర్పు కూడా ఆ మోడలే చెబుతుంది. కాకీ అదే, మాస్టారూ అదే!

తెలుగు దగ్గరికొస్తే ఇది ఇంకా ముఖ్యం. ఇంగ్లీషులో తోకలు కత్తిరించడం తేలిక. మనకి 'బడి' కాస్తా బడిలో, బడికి, బడినుంచి, బళ్ళో, బళ్ళు అవుతుంది. 'సాఫ్ట్‌వేర్', 'సాఫ్టువేరు' రెండూ రాస్తాం. ఏ పద్ధతి మనకి నప్పుతుందో ఊహిస్తే తెలీదు, కొలిస్తేనే తెలుస్తుంది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వాళ్ళు 2006లోనే తెలుగులో ప్రశ్న అడిగితే ఇంగ్లీషు పత్రాలు వెతికిపెట్టే పని చేసి, యూరపులో జరిగే క్లెఫ్ పోటీకి పంపారు. 2020లో వచ్చిన టైడీ క్యూఏలో తెలుగు ఉంది. అందులో ప్రశ్నలు రాసినవాళ్ళకి జవాబు ముందే తెలీకుండా జాగ్రత్తపడ్డారు, అంటే క్లెవర్డన్ పాఠం అక్కడ బతికే ఉంది. కానీ అవి ఎక్కువగా వికీపీడియా వ్యాసాల మీద. రైతు అడిగే ప్రశ్న, పెన్షను కోసం తిరిగే ముసలాయన ప్రశ్న వికీపీడియాలో ఉండదు. వాళ్ళకోసమని బాట్లు కడుతూ, వాళ్ళ ప్రశ్నలు ఒక్కటీ చేతిలో లేకుండా "98 శాతం ఖచ్చితత్వం" అని స్లైడు వేస్తే, తప్పు జవాబు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆ ముసలాయనే గానీ మనం కాదు.

దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. 1992లో మొదలైన ట్రెక్ పోటీల్లో కూడా ఒక విడతకి పెట్టేది 50 ప్రశ్నలే. నిజంగా అవసరమున్న మనుషుల దగ్గరికెళ్ళి 50 ప్రశ్నలు వాళ్ళ మాటల్లోనే రాసుకురండి. జవాబు పనికొచ్చిందో లేదో అడిగినవాళ్ళనే చెప్పమనండి. ఆ కాగితం సిస్టం కట్టకముందే తయారవ్వాలి. కార్డులు పెట్టుకుని ఓ లైబ్రేరియను చేసిన పని, ఇన్ని జీపీయూలు పెట్టుకుని మనం చెయ్యలేమా?