మూడు లైన్ల తంతి

1897లో డర్బన్‌లో గాంధీ గారి మీద జరిగిన దాడి గురించి ఎపిసోడ్‌లో చెప్పుకున్నం. ఆ దాడి వెనక ఒక తంతి ఉంది. టైమ్ సరిపోక వదిలేసిన. మా క్యాంపులో శుక్రవారం సాయంత్రం చదువుకోవడానికి వచ్చే తమ్ముళ్లకు నేను మొదట చెప్పే పాఠం అదే.

అప్పటికే నాటాల్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. 1860 నవంబరులో అక్కడికి చేరిన మొదటి కూలీల ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరింది. ఐదేళ్ల అగ్రిమెంటు, చెరకు తోటల్లో పని. ఆ మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ పోయారు.

1896లో ఇండియా వచ్చిన గాంధీ, రాజ్‌కోట్‌లో కూర్చుని అక్కడి భారతీయుల కష్టాలపై చిన్న పుస్తకం రాశారు. అట్ట రంగును బట్టి దాన్ని ఆకుపచ్చ పుస్తకం అన్నారు. పదివేల కాపీలు వేయించి పత్రికలకూ పెద్దమనుషులకూ పంపారు. అంతకుముందు నాటాల్‌లోనే రాసి పంచిన రెండు పుస్తకాల కంటే ఇందులో భాష మెత్తన.

రాయిటర్ వాళ్లు దీని సారాంశాన్ని ఇంగ్లండుకు తంతి కొట్టారు. లండన్ ఆఫీసు ఆ సారాంశానికి మళ్లీ సారాంశం తీసి నాటాల్‌కు పంపింది. అచ్చులో మూడు లైన్లు దాటలేదు. నాటాల్‌లో భారతీయుల్ని దోచుకుంటున్నారు, కొడుతున్నారు, పశువుల్లా చూస్తున్నారు, న్యాయం దొరకడం లేదు. మొత్తం మీద అదీ మతలబు. పుస్తకంలో అలాంటి సంగతులు లేవని కాదు, ఉన్నయి. కానీ గొంతు మారిపోయింది. అవి గాంధీ మాటలు కావు, కానీ నాటాల్ తెల్లవాళ్లు ఆయన మాటలనే చదువుకున్నారు.

డిసెంబరులో గాంధీ ఎక్కిన కోర్లాండ్, దాంతోపాటు నాదేరీ డర్బన్ చేరినయి. రెండింట్లో కలిపి ఎనిమిది వందల మంది దాకా ఉన్నారు. బొంబాయిలో ప్లేగు ఉందని మూడు వారాలకు పైగా సముద్రంలోనే ఆపారు. నాటాల్‌ను నింపడానికే ఇంతమందిని తోలుకొచ్చాడన్న పుకారు కూడా తోడైంది, కాబట్టి తప్పంతా తంతిదే అనలేం. జనవరి 13న దిగిన గాంధీని గుంపు పట్టుకుని రాళ్లు, కుళ్లిన గుడ్లు విసిరింది, తన్నింది. పోలీసు సూపరింటెండెంట్ భార్య గొడుగు తెరిచి అడ్డం నిలబడకపోతే బతికేవారో లేదో. ఆ రాత్రి కానిస్టేబుల్ వేషంలో తప్పించుకున్నారు. తల మీద పళ్లెం పెట్టి, దాని చుట్టూ మద్రాసీ కండువా చుట్టుకున్నారట!

తర్వాత ఆయన్ను నిలబెట్టింది కాగితాలే. ఫిరోజ్‌షా మెహతా సలహా మీద ఇండియాలో ప్రసంగాలన్నీ రాసుకుని చదివారు, కాపీలు దగ్గరున్నయి. నాటాల్‌లో అననిది ఇండియాలో ఏదీ అనలేదని విలేకరికి చూపించారు.

ఇదంతా మా తమ్ముళ్లకు ఎందుకంటే, మా నోటీసు బోర్డు కథ కూడా ఇదే. ఒకసారి, బ్యాంకు కార్డు రెన్యువల్ చేయించని వాళ్లకు జీతం ఆలస్యమైతదని కాగితం అంటించారు. రాత్రికి వాట్సాప్‌లో అది 'కంపెనీ జీతాలు ఆపింది' అయింది. పొద్దున కొందరు డ్యూటీ ఎక్కలేదు. వాళ్లకు ఆ రోజు కూలి పోయింది.

అందుకే చదివిన కాగితం పక్కన పెట్టించి, సొంత మాటల్లో చెప్పమంటా. ఎవరన్నారు, ఎవరి గురించి, 'అందరూ' అని ఉందా 'కొందరు' అని ఉందా? నీ కోపం, నీ భయం అందులో కలపొద్దు. పెద్ద చదువులో దీన్ని ఏమంటారో గానీ, నేను ఐటీఐలో డ్రాయింగ్ చదవడం నేర్చుకున్నది ఇట్లనే. స్కేలు తగ్గించి గీసినా గోడ ఎక్కడుందో అక్కడే ఉండాలె.

పోయిన శుక్రవారం ఆ తంతిని మళ్లీ రాయమన్న. 'మూడు లైన్లల్ల ఇంకెట్ల రాస్తరన్నా?' అన్నాడొక తమ్ముడు. గంట కొట్లాడి ఇట్ల తేల్చారు: 'నాటాల్‌లో భారతీయులకు అన్యాయం జరుగుతోందని గాంధీ అనే వకీలు ఒక చిన్న పుస్తకంలో రాశారు. ఇంతకుముందు నాటాల్‌లోనూ ఆయన ఇదే రాశారు.' 'అన్యాయం జరుగుతోంది' అని పెట్టాలా, 'జరుగుతోందని రాశారు' అని పెట్టాలా అన్న దగ్గరే సగం టైమ్ పోయింది.