ఒంటి కేసరపు పూలు

అల్లం, పసుపు, ఏలకులు లేని తెలుగు వంటిల్లు అరుదు. ఈ మూడూ ఒకే వృక్షకుటుంబానికి చెందినవని ఎరిగినవారు కొంత తక్కువ. వాటి పువ్వులను పరికించి చూసినవారు మరీ తక్కువ. వృక్షశాస్త్రం జింజిబరేసీ అని పిలిచే ఈ కుటుంబంలో 50కి పైగా ప్రజాతులు, 1300కు పైగా జాతులు ఉన్నాయి. వీటిలో అత్యధికం దక్షిణాసియా, ఆగ్నేయాసియా ఉష్ణమండలాలలోనివే. ఈ పూల మర్మాన్ని ఐరోపా పండితులు తెలుసుకున్న చరిత్రలో మన గోదావరి తీరానికి కూడా కొంత పాత్ర ఉంది. మిత్రులతో పంచుకోదగిన కథ అనిపించి ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట పువ్వు సంగతి. మందారంలోనో తుమ్మలోనో కేసరాలు లెక్కకు మిక్కిలిగా ఉంటాయి. అల్లం కుటుంబపు పువ్వులో పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే. పువ్వులో అన్నిటికంటె పెద్దదిగా, రంగురంగులుగా పెదవివలె వేలాడే భాగాన్ని చూసి అది ఆకర్షణపత్రమని భ్రమపడతాం. నిజానికి అది రెండు వంధ్య కేసరాలు కలిసిపోయి ఏర్పడినది. ఇక దారమంత సన్నని కీలం తనంత తాను నిలువలేక, పరాగకోశపు రెండు అరల నడుమ గాడిలో ఒదిగి పైకి వస్తుంది. ఇంత సున్నితమైన నిర్మాణం కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టగానే నశించి, గోధుమరంగు మరకగా మిగులుతుంది. ఎండిన నమూనాలను ఓడలలో తెప్పించుకొని తమ గదులలో కూర్చుండి పరిశీలించిన పండితులకు ఈ కుటుంబం కొరుకుడుపడకపోవడానికి కారణం ఇదే. ఈ పువ్వును తెలుసుకోవాలంటే అది పూచేచోటికే పోవాలి.

అలా పోయినవాడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1728లో బాల్టిక్ తీరాన జన్మించి, స్వీడన్‌లో లిన్నేయస్ వద్ద చదివి, 1768లో డేన్‌ల స్థావరమైన తరంగంబాడికి వైద్యుడుగా వచ్చాడు. తరువాత ఆర్కాటు నవాబు కొలువులోను, పిమ్మట ఈస్టిండియా కంపెనీ కొలువులోను ప్రకృతి పరిశోధకుడుగా పనిచేశాడు. 1779లో సయాం ప్రాంతాలలో తిరుగుతూ, నేడు ఫుకెట్ అని పిలిచే ద్వీపంలో ఈ ఒంటి కేసరపు మొక్కలను సజీవంగా పరిశీలించి, ఒక్కొక్క భాగాన్నీ లాటిన్‌లో వర్ణించాడు. ఆ వర్ణనలను రెట్జియస్ అనే స్వీడన్ పండితుడు 1783లో అచ్చువేశాడు. తెల్లని సుగంధపుష్పాల హెడీకియమ్ ప్రజాతికి ఆ పేరు పెట్టినది కోనిగే. ఆ గ్రీకు పదాల సమాసానికి 'తియ్యని మంచు' అని అర్థం.

1785లో కోనిగ్ కలకత్తా యాత్రకు బయలుదేరి, దారిలో రక్తగ్రహణి పాలబడి, జూన్ 26న కాకినాడ చెంత జగన్నాథపురంలో కన్నుమూశాడు. అంత్యదినాలలో వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉద్యోగం చేస్తున్న విలియం రాక్స్‌బర్గ్. కోనిగ్ తన వ్రాతప్రతులను లండన్‌లోని జోసెఫ్ బాంక్స్‌కు చెందవలసినవిగా వ్రాసిపోయాడు. పరిశోధనను మాత్రం రాక్స్‌బర్గే అందుకొన్నాడు.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట పెంచి, మొక్కల వివరాలతోపాటు వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. ఎండిన నమూనా చెప్పలేనిదాన్ని చెప్పడానికి దేశీయ చిత్రకారులచేత పచ్చిమొక్కలను చూచి బొమ్మలు వేయించాడు. 1795లో మొదలై మూడు సంపుటాలుగా వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రఫలకాలున్నాయి. 1793లో కలకత్తా ఉద్యానానికి అధిపతిగా వెళ్ళినా అల్లం కుటుంబాన్ని వదలలేదు. 1810లో ఏషియాటిక్ రీసెర్చెస్‌లో దానిపై పెద్ద వ్యాసం ప్రకటించాడు. మన మామిడి అల్లానికి శాస్త్రనామమిచ్చినది ఆయనే. కుర్కుమా అమాడా అనే ఆ పేరు చివర రాక్స్‌బర్గ్ పేరు నేటికీ నిలిచి ఉంది. అయితే ఏ పువ్వు ఏ తీరున ఉంటుందో తమ కుంచెతో లోకానికి చూపిన ఆ చిత్రకారుల పేర్లు ఫలకాలపైన లేవు. ఈ చరిత్రలో నా మనసును కలచే విషయం ఇది.

ఇదే కాలంలో లివర్‌పూల్‌లో బ్యాంకు నడుపుతున్న విలియం రాస్కో కలకత్తానుండి సజీవమైన దుంపలను తెప్పించి గాజుగృహాలలో పూయించాడు. కేసరం ఆకృతినిబట్టి ప్రజాతులను వేరుచేశాడు. అల్లపు పువ్వులో పరాగకోశపు కొన కొమ్ములా సాగి కీలాన్ని చుట్టుకొని ఉంటుంది. లిన్నేయస్ అమోమమ్ ప్రజాతిలో చేర్చిన అల్లానికి జింజిబర్ అఫిసినాలే అనే నేటి పేరు 1807లో రాస్కో ఇచ్చినదే. 1824-28 మధ్య ఆయన 112 రంగుల ఫలకాలతో ఒక గ్రంథాన్నే వెలువరించాడు.

పేర్ల గతి ఎంత చంచలమో చెప్పడానికి మన చెంగల్వకోష్టు చాలు. కోనిగ్ దానికి బాంక్స్ పేరిట బాంక్సియా అని పేరు పెట్టాడు. కాని అప్పటికే 1782లో ఆ పేరు ఆస్ట్రేలియా మొక్కలకు దక్కింది. అది తరువాత కోస్టస్ అయింది, కీలోకోస్టస్ అయింది, నేడు హెల్లేనియా. ఆకులు కాండాన్ని మెలికగా చుట్టివచ్చే ఈ మొక్క అల్లం కుటుంబంనుండే విడివడి వేరు కుటుంబంలో చేరింది. 2002లో డీఎన్‌ఏ ఆధారంగా జరిగిన పరిశోధన అల్లం కుటుంబాన్ని నాలుగు ఉపకుటుంబాలుగా సవరించింది. ప్రజాతులు తారుమారైనా కోనిగ్ పెట్టిన 'స్పెషియోసా' అనే జాతినామం మాత్రం చెక్కుచెదరలేదు.

పసుపుకు మూడు వరుసల క్రోమోజోములు, మొత్తం 63. అందువల్ల అది విత్తనం కట్టదు. నిజామాబాదులోనైనా దుగ్గిరాలలోనైనా రైతు నిరుటి కొమ్మును దాచి తిరిగి నాటితేనే మరుసటి ఏటి పంట. ఈ పువ్వును గూర్చిన జ్ఞానం కూడా ఆ విధంగానే చేతినుండి చేతికి అందుతూ వచ్చింది. కాకినాడ మిత్రులు జగన్నాథపురం వంతెన దాటేటప్పుడు ఒకసారి కోనిగ్‌ను తలచుకోండి. వానకారు చివర పసుపుచేను కనబడితే ఆకుల మధ్యకు వంగి చూడండి. పాలిపోయిన పుచ్ఛాల నడుమ ఒక చిన్న పసుపుపచ్చని పువ్వు, అందులో ఒకే ఒక్క కేసరం. పేరు మిగలని ఆ చిత్రకారులు గంటల తరబడి చూసింది దానినే.