మతేరా: ఒకరి ఇంటి కప్పు ఇంకొకరికి వీధి

దక్షిణ ఇటలీలోని మతేరాలో, విట్టోరియో వెనెతో కూడలిలో ఉన్నారు. చుట్టూ కాఫీ బల్లలు, పిల్లల కేకలు. మీ కాళ్ల కింద ఏముందో చెబితే తప్ప తెలియదు. మెట్లు దిగండి. ఎండ పోయి చల్లని చెమ్మ ఒంటికి తగులుతుంది. ఇది పలొంబారో లుంగో. సుమారు యాభై లక్షల లీటర్లు పట్టేలా కొండను తొలిచిన నీటితొట్టి. గోడలకు పెంకుల పొడి కలిపిన సున్నపు గార. వాననీళ్లు, ఊటనీళ్లు ఇందులో చేరేవి. మరుగున పడిపోయి, 1991లో మళ్లీ వెలుగు చూసింది.

పైకొచ్చి రాతి కమానుల దగ్గర నిలబడితే ఊరంతా లోయలోకి దిగిపోతూ కనబడుతుంది. కొండ శిఖరాన 13వ శతాబ్దపు కెథెడ్రల్, దాని కింద తేనెపట్టులా గుహల ఇళ్లు. వీటినే సాస్సి అంటారు. సందులో నాలుగడుగులు వేసేసరికి పక్కన పొగగొట్టం తగులుతుంది. మీరు నడుస్తున్నది ఎవరి ఇంటి కప్పో!

వీకో సొలితారియో సందులోని గుహ ఇంట్లోకి తలవంచి వెళ్లండి. ఒకే గది. ఎత్తయిన మంచం, మగ్గం, అందరూ కలిసి తినే ఒకే పళ్లెం. వెనక కంచరగాడిద కట్టేసే చోటు. మనుషులూ పశువులూ పీల్చింది ఒకే గాలి.

1945లో వచ్చిన కార్లో లెవీ పుస్తకం 'క్రీస్తు ఎబోలీలోనే ఆగాడు' ఇక్కడి పిల్లల మలేరియానూ కళ్ల జబ్బునూ దేశం ముందు పెట్టింది. 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చి కళ్లారా చూశాడు. 1952లో గుహ ఇళ్లు ఖాళీ చేయించే చట్టం చేశారు. దాదాపు 15 వేల మందిని కొత్త కాలనీలకు తరలించారు. సాస్సి బోసిపోయింది. అప్పటి పాలకులు సిగ్గుపడి ఖాళీ చేయించిన ఈ ఇళ్లనే 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వమంది. 2019లో మతేరా ఐరోపా సాంస్కృతిక రాజధాని కూడా అయింది. జేమ్స్ బాండ్ కారు ఈ సందుల్లోనే దూసుకెళ్లింది.

ఇప్పుడు ఆ గుహలు కొన్ని ఖరీదైన హోటళ్లు. మెత్తటి పరుపు, సన్నని దీపాలు, గోడలకు తెల్ల సున్నం. బాగానే ఉంటాయి, కాదనను. పేదరికపు వాసన మాత్రం శుభ్రంగా కడిగేశారు.

రాళ్లు అరిగి నున్నబడ్డాయి, జారని చెప్పులు వేసుకోండి. హోటల్ గదిలో సామాను దించే ముందే ఆ ఒక్క గది ఇల్లు చూసి రండి.