ఇన్యూట్ గొంతు పాట, మన కిక్రీ పాట



ఆగస్టు 9 వచ్చిందంటే ఉస్మానియా క్యాంపస్‌లో, తార్నాక చుట్టుపక్కల గదుల్లో ఉండి చదువుకునే మన పిల్లలకు పండుగే. ఈ తేదీ వెనుక ఒక చరిత్ర ఉంది. 1982లో ఇదే రోజున జెనీవాలో ఐక్యరాజ్యసమితి ఆదివాసీల సమస్యల మీద వేసిన కార్యవర్గం మొదటిసారి కూర్చుంది. 1994లో ఈ రోజును ప్రపంచ ఆదివాసీ దినోత్సవంగా ప్రకటించారు. కాబట్టి ఇది గోండులకు, కోయలకు, కొలాములకు ఎంత పండుగో, కెనడా ఉత్తరాన మంచు నేలల్లో బతికే ఇన్యూట్లకూ అంతే పండుగ. ఈ సంచికలో మేము వాళ్ల పాట కథ చెప్పి, దాని పక్కన మన పాట కథ పెట్టాలనుకున్నాం.

ఇద్దరు ఆడవాళ్ల ఆట

ఇన్యూట్లు తమ గొంతు పాటను కటజ్జాక్ అంటారు. ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని నిలబడతారు. ఒకామె గొంతు లోపలి నుంచి ఒక లయ ఎత్తుకుంటే, రెండో ఆమె ఆ సందుల్లో తన ధ్వని నింపుతుంది. ఊపిరి వదిలేటప్పుడే కాదు, పీల్చేటప్పుడు కూడా ధ్వని వస్తుంది. అందులో గాలి, వాగు, బాతుల అరుపు, కుక్కపిల్లల మూలుగు వినిపిస్తాయి. ఎవరు ముందు నవ్వితే, ఎవరికి ముందు ఊపిరి అందకపోతే వాళ్లు ఓడినట్టు. మగవాళ్లు వేటకు పోయినప్పుడు పొద్దు గడవడానికి ఆడిన ఆట ఇది.

క్రైస్తవ మిషనరీలు వచ్చాక చాలాచోట్ల దీన్ని ఆపించారు. ఆ తర్వాత పిల్లలను ఇళ్ల నుంచి తీసుకుపోయి వసతి బడుల్లో వేశారు, అక్కడ తల్లిభాష నోట రానివ్వలేదు. పాటకు భాష తెగింది, పాడే పిల్లకు అమ్మమ్మ దూరమైంది. ఆ బడుల కోసం కెనడా ప్రభుత్వం 2008లో క్షమాపణ చెప్పింది. మిగిలిన కొద్దిమంది ముసలమ్మల దగ్గర కూర్చుని కొత్త తరం మళ్లీ నేర్చుకుంది. 2014లో క్యూబెక్ రాష్ట్రం ఈ గొంతు పాటను తన మొదటి అమూర్త వారసత్వ సంపదగా గుర్తించింది.

అదే సంవత్సరం తాన్యా టగాక్ అనే ఇన్యూట్ గాయని ‘యానిమిజం’ అనే ఆల్బంకు కెనడాలో పేరున్న పొలారిస్ బహుమతి అందుకుంది. ఆమె సొంతూరికి చాలా దూరంగా హాలిఫాక్స్‌లో చదువుకుంటున్నప్పుడు, వాళ్లమ్మ గొంతు పాటల క్యాసెట్లు పంపింది. ఆమె అవి విని ఒంటరిగా సాధన చేసింది. ఎదురుగా నిలబడే జోడీ లేదు గనుక ఇద్దరి పాటను ఒక్కతే పాడడం మొదలుపెట్టింది. తర్వాత డ్రమ్ములతో, వయొలిన్‌తో కలిపి పెద్ద వేదికల మీద పాడింది. ఇది మన పద్ధతి కాదని కొందరు అన్నారు. పాట బతకాలంటే మారాలని మరికొందరు అన్నారు. ఈ వాదన మన దగ్గరా ఉంది.

ఉస్మానియాకు వచ్చిన గోండు కథలు

1940లో జోడేఘాట్‌లో కుమురం భీంను కాల్చి చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1945లో ఆయన ప్రభుత్వ సలహాదారు అయ్యారు, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ ప్రొఫెసర్‌గానూ ఉన్నారు. 1948లో ఆయన రాసిన ఆదిలాబాద్ రాజ్‌గోండుల పుస్తకం లండన్‌లో అచ్చయింది. ఆ పుస్తకంలోని దేవతల కథలకు మూలం ప్రధాన్ల నోటి పాటే.

ప్రధాన్లు గోండులకు వంశపారంపర్య గాయకులు. వాళ్ల వాయిద్యం కిక్రీ. మూడు తీగలు, తోలు కప్పిన చెక్క బుర్ర, దాని మీద ఆడించే కమాను. ఆదిలాబాద్ ప్రధాన్లు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, దేవుడి ముందు మాత్రం గోండిలో పాడతారు. తమది కాని భాషలో ఒక జాతి చరిత్రను తరతరాలుగా మోసిన కులం అది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగల్లో ఎవరి కథ వారిది, ఆ ఇంటి ప్రధాను వచ్చి పాడితేనే పూజ పూర్తవుతుంది. తోటీలు కూడా ఇలాంటి గాయకులే.

గోదావరి పక్కన కోయల దగ్గర ఈ పని డోలీలది. గుడ్డ మీద బొమ్మలు గీసిన పడిగెను విప్పి, వేల్పుల కథ, ఇంటిపేర్ల వంశావళి పాడతారు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మల కథ పాడి 2022లో పద్మశ్రీ పొందారు. అంతకు ముందు ఏడు, మార్లవాయి గుస్సాడీ గురువు కనకరాజు గారికి పద్మశ్రీ వచ్చింది. ఇద్దరూ 2024లోనే, నాలుగు నెలల తేడాతో వెళ్లిపోయారు. వాళ్లతో ఎన్ని కథలు పోయాయో లెక్క కట్టగలిగేవాళ్లు మనలో ఎంతమంది?

పాట ఎవరిది?

తాన్యాకు క్యాసెట్ ఎలాగో మన పిల్లలకు ఫోన్ అలాగే. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండి, కొలామీ కార్యక్రమాలు వినిపించింది. ఇప్పుడు దండారి పాటలకు డీజే కలిపి యూట్యూబ్‌లో పెడుతున్నారు. హాస్టల్ గదిలో గుమేల చప్పుడు వినిపిస్తే ప్రాణం లేచి వస్తుంది, అది మాకూ తెలుసు. 2022లో సినిమాలో వచ్చిన ‘కొమురం భీముడో’ పాట అందరినీ కదిలించింది. అయితే అది తెలుగు పాట. భీం మాట్లాడిన గోండిలో అంత దూరం పోయిన పాట ఇంకా రాలేదు.

ఇక్కడ ఇన్యూట్లు మనకు ఒక దారి చూపించారు. 2019లో కెనడాలో ఆదివాసీ సంగీత బహుమతుల జాబితాలో క్రీ తెగకు చెందిన ఒక గాయని ఆల్బం ఉంది. అందులో ఇన్యూట్ గొంతు పాట పద్ధతి వాడారని, ఇన్యూట్లను అడగలేదని తాన్యా, మరికొందరు ఇన్యూట్ కళాకారులు ఆ బహుమతుల నుంచి తప్పుకున్నారు. పాడినామె కూడా ఆదివాసీయే. అయినా అడగాలి అన్నారు. కొత్తదనం వద్దని వాళ్లు అనలేదు. గిటార్ పెట్టినా, డ్రమ్ము పెట్టినా పాట పుట్టిన ఇంటి మాట తీసుకోవాలన్నారు.

గుస్సాడీకి నియమాలున్నాయి. నెమలి ఈకల టోపీకి పూజ చేసి పెట్టుకుంటారు, దండారి రోజుల్లో స్నానం చేయరు, కోలాబోడితో టోపీ దించుతారు. ఏ నెలలోనైనా, ఏ సభలోనైనా, అద్దెకు తెచ్చిన టోపీతో ఎగిరితే అది గుస్సాడీ అవుతుందా? పెద్దలు అడుగుతున్న ఈ ప్రశ్నకు వేదికలు ఏర్పాటు చేసే మేమే ముందుగా జవాబు చెప్పాలి.

అందుకే ఈ సంచిక సందర్భంగా మా మాట ఇది. సెలవులకు ఊరికి పోయిన ప్రతి విద్యార్థీ ఒక ప్రధాను తాతనో, డోలీ తాతనో కలిసి, వారి అనుమతితో ఒక కథ రికార్డు చేయాలి. పాడినవారి పేరు, ఊరు, సగ రాయాలి. బయట పెట్టకూడదని వాళ్లన్న పాట బయట పెట్టకూడదు. పాడినందుకు వారికి గౌరవంగా డబ్బు ఇవ్వాలి. గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది గనుక, కథను ఆ లిపిలో కూడా రాసుకోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, రికార్డు చేసి ఊరుకోకుండా మనలో ఒక్కరైనా కిక్రీ కమాను పట్టడం నేర్చుకోవాలి. ఇన్యూట్ అమ్మమ్మల దగ్గర మనవరాళ్లు కూర్చున్నారు గనుకే వాళ్ల పాట ఈనాడు ప్రపంచానికి వినిపిస్తోంది.

కనకరాజు గారికి, రామచంద్రయ్య గారికి, పేరు తెలియకుండా పోయిన మన గాయకులందరికీ జోహార్లు.