ఆనకట్ట లేని కరెంటు: మన గోదారిలో ఎక్కడ కుదురుతుంది?



ఆనకట్ట కట్టకుండా, పారే నీటిలోనే టర్బైన్ దించి కరెంటు తీయొచ్చు అనే మాట ఈమధ్య మన కుర్రాళ్లలో బాగా నడుస్తోంది. ఊళ్లు మునగవు కాబట్టి మనకి నచ్చే మాటే. కానీ ఎక్కడ పెట్టాలి? దానికి ముందు మన నీళ్ల చరిత్ర చూద్దాం.

1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కట్టించాడు. డెల్టా పచ్చబడింది. 1955లో మాచ్‌ఖండ్ కరెంటు వచ్చింది. తర్వాత సీలేరు మీద పవర్‌హౌస్‌లు లేచాయి. ఒక్క దిగువ సీలేరే 460 మెగావాట్లు. నీళ్లు మన కొండల మీంచి దూకాయి, తీగలు మైదానానికి పోయాయి. మన గూడేల్లో చాలా ఏళ్లు బుడ్డిదీపాలే. ఇక పోలవరం 960 మెగావాట్ల లెక్క చెబుతుంటే కోయ, కొండరెడ్డి ఊళ్లు ఖాళీ అవుతున్నాయి.

వాటన్నిటికీ నీటి ఎత్తు కావాలి, అందుకే ముంపు. నది టర్బైన్‌కి కావాల్సింది వేగం. వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలవుతుంది. సెకనుకి ఒక మీటరు పారే నీటిలో, రెక్కలు తిరిగే ప్రతి చదరపు మీటరుకీ 300 వాట్లు కూడా రావు. అందుకే చోటు చూసుకోవడమే అసలు పని.

పాపికొండల ఇరుకులో వరదప్పుడు వేగం భయంకరం. వేసవిలో మాత్రం ఆ లోతు నీరు నిదానంగా కదులుతుంది. పోలవరంలో 150 అడుగులు నిలిపితే అక్కడ చెరువే. డెల్టాలో నేల చదును, కాలవల్లో నీరు మెల్లగా నడుస్తుంది, దాళ్వా అయ్యాక కాలవలు కట్టేస్తారు. కొండవాగులు వేసవికి సన్నబడిపోతాయి. కాస్త ఆశ ఉన్నది సీలేరు పవర్‌హౌస్‌ల దిగువన. ఎండల్లోనూ అక్కడ నీరు వదులుతారు. అయితే కరెంటు తీసే గంటల్లోనే ఆ జోరు.

వరద సంగతీ మరవొద్దు. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022లో 71 అడుగులు దాటింది. కొట్టుకొచ్చే మానులకి ఏ రెక్కలు ఆగుతాయి? జూన్‌లో పైకి లాగేసే వీలుండాలి. చేపల దారి, వలలు, పడవల రేవు తప్పించి పెట్టాలి.

కాబట్టి ఎవరో వచ్చి కొలిచేదాకా ఆగకుండా మనమే కొలుద్దాం. ఏప్రిల్‌లో గట్టు మీద 20 మీటర్ల దూరం గుర్తుపెట్టి, నీళ్లలో ఓ ఎండు కొబ్బరికాయ వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో రాయాలి. పైనీటి వేగం కంటే లోపల కొంచెం తక్కువని గుర్తుంచుకోవాలి. లోతు కూడా కొలవాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, వారం పాటు.

ఆ కాగితం గ్రామసభలో పెడదాం. 1996 పెసా చట్టం మన గ్రామసభకి మాట ఇచ్చింది. 20 సెకన్ల కంటే ఎక్కువ పడితే ఆ చోటు వద్దని చెప్పే ధైర్యం కూడా మనకుండాలి. ఇన్నాళ్లూ మన నీళ్ల లెక్క వేరేవాళ్లు రాశారు. ఈసారి మొదటి లెక్క మన చేతిరాతలో ఉండాలి.